విన్నమాట మీద బేరం

సూర్యాపేట దగ్గరి మా చివ్వెంల చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లయినా, బోనాలైనా, ఎన్నికల సభైనా స్టేజీ పక్కన పెట్టిన ఆంప్లిఫయర్ మీద తరచూ కనిపించే పేరు అహూజా. స్వాతంత్ర్యం రాకముందే, 1940లో మొదలైన కంపెనీ అది. రేకు హారన్ల కాలం నుంచి కాడ్‌లెస్ మైకుల కాలం దాకా మన ఊళ్లకు గొంతునిచ్చింది. దాని షేరు కొందామంటే దొరకదు, అది మార్కెట్‌లో లేదు. ఖరీదైన కార్లలో, కాస్త డబ్బున్న ఇళ్లల్లో వినిపించే బోస్ సంగతీ అంతే. బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య సమరయోధుడి కొడుకు అమర్ బోస్ 1964లో పెట్టిన కంపెనీ అది. మూడు నెలలకోసారి లాభం చూపించాల్సిన తొందర తన పరిశోధనకు వద్దనుకుని, ఆయన దాన్ని ఎన్నడూ స్టాక్ ఎక్స్‌చేంజి గడప తొక్కనివ్వలేదు. 2011లో కంపెనీ వాటాల్లో అధిక భాగాన్ని తాను చదువుకుని, పాఠాలు చెప్పిన ఎంఐటీకి ఇచ్చేశాడు. వాటికి ఓటు హక్కు లేదు, అమ్ముకునే వీలూ లేదు. వచ్చే డివిడెండు చదువుకు, పరిశోధనకు.

అంటే మన చెవులకు బాగా అలవాటైన కంపెనీలు మార్కెట్‌లో లేవు. మార్కెట్‌లో ఉన్న చిన్నచిన్న సౌండు కంపెనీలు చేసిన వస్తువును మనలో చాలామంది ఎన్నడూ విని ఉండరు. అయినా వాటి షేర్ల మీద బేరం ఆగదు. ఫలానా పెద్ద కంపెనీ దీన్ని కొనబోతోందట, ఫలానా ఫోన్‌లో దీని టెక్నాలజీ రాబోతోందట, పేటెంటు కేసు గెలవబోతోందట. ఈ 'అట'ల మీదే కొనుగోళ్లు, అమ్మకాలు. కొన్నాళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఒకటే. వస్తువును చెవితో విని, చేత్తో తట్టి చూసి కొనే మనిషి, ఆ వస్తువును చేసే కంపెనీలో వాటాను మాత్రం ఎవరో అన్న మాట మీద ఎందుకు కొంటాడు?

మా దగ్గర మైకుసెట్లు, డీజే బాక్సులు కిరాయికిచ్చే తమ్ముడొకడున్నాడు. సామాను కొనాలంటే హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి పోతాడు. అతని వెంట వెళ్లి చూశాను. దుకాణదారు చెప్పే వాట్ల లెక్క వినడు. స్పీకరును బల్ల మీద వెల్లకిలా పెట్టించి, కోన్ మీద నాలుగు వేళ్లు సమంగా ఆనించి మెల్లగా అదిమి వదులుతాడు. లోపల కాయిల్ ఎక్కడైనా రాసుకుంటే సన్నగా గరగరమంటుంది. అది వినబడితే ఇంకో మాట లేకుండా పక్కన పెట్టేస్తాడు. తర్వాత తన పెన్‌డ్రైవ్ తీసి డప్పు దరువొకటి, ఆడగొంతు పాటొకటి, పాట లేకుండా ఒట్టి మాటలున్న రికార్డొకటి వేయిస్తాడు. చివరిది ఎందుకని అడిగితే, "పాట ఏ డబ్బల వేసినా మంచిగనే ఉంటదన్నా, మాట తేటగ రావాలె" అన్నాడు. దుకాణం బయటకు నడిచి, రోడ్డవతల నిలబడి మళ్లీ విన్నాడు. అప్పుడుగానీ డబ్బు తీయలేదు.

అట్లాంటి మనిషి ఒకరోజు ఫోన్ నా ముందు పెట్టి, "అన్నా, ఈ షేరు పైకి పోతదంటున్నరు. సౌండు కంపెనీ అంట. ఏమంటవ్?" అన్నాడు.

"ఎవరంటున్నరు?"

"గ్రూపుల పెట్టిన్రు. నిన్న గూడ లాకయ్యింది, ఇయ్యాల గూడ లాకే."

"ఏం తయారు చేస్తరు వాళ్లు?"

"సౌండుదే ఏదో కొత్త టెక్నాలజీ."

ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. అది అతని సొంత విషయం. అతని మాటల్లో నన్ను పట్టుకున్నది 'లాకయ్యింది' అన్నది, అంటే ఆ రోజుకు అనుమతించిన హద్దు దాకా ధర పెరిగి ఆగిపోయిందని. ఆ వారంలో దాని గురించి అతనికి తెలిసిన ఒకే ఒక గట్టి వార్త ధర పెరిగిందన్నది. ఇంకేమీ తెలియదు.

సౌండు కంపెనీ అంటే మన తెలుగు నేల మీద దగ్గరగా చెప్పుకోదగ్గది హైదరాబాద్‌లోని ఎంఐసీ ఎలక్ట్రానిక్స్. 1988లో పుట్టింది. ఎల్‌ఈడీ తెరలు దాని ప్రధాన సరుకు. వాటితోపాటు రైల్వేలకు ప్రయాణికుల సమాచార వ్యవస్థలు, అంటే బోర్డు మీద బండి వివరం చూపిస్తూ స్పీకరులో ప్రకటన చేసేవి, సరఫరా చేస్తుంది. 2007లో 150 రూపాయల చొప్పున ఐపీఓకు వచ్చింది. అప్పుల భారంతో 2018లో దివాలా చట్టం కింద కంపెనీ లా ట్రిబ్యునల్ ముందుకు వెళ్లింది. 2019లో కొత్త యాజమాన్యం చేతికి మారింది. గడ్డు కాలంలో ఒకటి రెండు రూపాయలకు దొరికిన ఆ షేరు 2024లో 80 రూపాయలు దాటింది. అంటే మార్కెట్ ఆ కంపెనీకి కట్టిన వెల 2,000 కోట్ల రూపాయల చుట్టుపక్కల. 2023-24లో దాని అమ్మకాలు 100 కోట్లు కూడా లేవు. రైల్వే డివిజన్ల నుంచి ఆర్డరు వచ్చిందని ఎక్స్‌చేంజికి తెలియజేసినప్పుడల్లా షేరు వార్తల్లోకెక్కేది. ఆ ఆర్డర్లలో కొన్ని కోటీ రెండు కోట్ల పనులే.

ఇందులో మోసం ఉందని నేను అనడం లేదు. మూతపడబోయిన చోట మళ్లీ పని నడుస్తుంటే సంతోషించాలి. ఆ కంపెనీ చేసే వస్తువు ఉంది, దానికి కొనేవాళ్లున్నారు. నేను చూస్తున్నది వస్తువుకూ ధరకూ మధ్య పెరిగిన దూరాన్ని. సూర్యాపేటకు రైలు లేదు. చివ్వెంల వాళ్లు ప్లాట్‌ఫాం మీద ప్రకటన వినాలంటే మిర్యాలగూడకో, ఖమ్మానికో పోవాలి. అక్కడ నిలబడ్డవాళ్లు కూడా తలెత్తి ఆ స్పీకరు పెట్టె మీద ఎవరి పేరుందో చదవరు. చదివినా, ఆ పెట్టె ఒకటి అమ్మితే కంపెనీకి మిగిలేదెంతో తెలియదు. రైల్వే బిల్లు ఎన్నాళ్లకు వస్తుందో తెలియదు. ధర ఒక్కటే అందరికీ తెలుసు, అరచేతిలో, నిమిష నిమిషానికీ.

ధర ఒక్కటే తెలిసినప్పుడు ఏం జరుగుతుందో చెప్పడానికి నాకు మా పెద్దగట్టు కంటే మంచి చోటు దొరకదు. దురాజ్‌పల్లి మా చివ్వెంల మండలంలోదే. అక్కడి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. తెలంగాణలో మేడారం తర్వాత అంత పెద్ద జాతర ఇదేనంటారు. కిందటిది 2025 ఫిబ్రవరి 16 నుంచి 20 దాకా జరిగింది. కేసారం నుంచి దేవరపెట్టె వస్తుంది. హైదరాబాద్-విజయవాడ బండ్లను వేరే దారుల్లోకి మళ్లిస్తారు. భేరీల మోత, గజ్జెల చప్పుడు, 'ఓ లింగా' అంటూ వేల గొంతులు, వాటి మధ్య దారితప్పిన పిల్లల కోసం, అడ్డంగా పెట్టిన బండ్ల కోసం మైకుల్లో పిలుపులు. అంత చప్పుడులోనూ మనిషిని ఉలిక్కిపడేలా చేసే శబ్దం ఒకటుంది. ఎవరో చేతిమైకు పట్టుకుని మాట్లాడుతూ మాట్లాడుతూ బాక్సు ముందుకు నడుస్తారు. మొదట సన్నగా ఈల. రెప్పపాటులో అది చెవులు చిల్లులుపడే కూత. మాట్లాడుతున్న మనిషి భయపడి నోరు మూసేస్తాడు. అయినా కూత ఆగదు.

అక్కడే ఉంది కిటుకు. ఆ క్షణంలో ఎవరూ మాట్లాడటం లేదు. బాక్సులోంచి వచ్చిన చప్పుడును మైకు పట్టుకుంది, ఆంప్లిఫయర్ దాన్ని పెంచి మళ్లీ బాక్సుకు పంపింది, పెరిగిన చప్పుడును మైకు మళ్లీ పట్టుకుంది. సెకనులో ఎన్నో సార్లు ఈ తిరుగుడు. యంత్రం తన గొంతును తానే విని పెంచుకుంటోంది. దానికి హద్దు ఆంప్లిఫయర్ శక్తే తప్ప వేరే ఏదీ లేదు. మా తమ్ముడు అప్పుడు మాట్లాడేవాడి వైపు చూడడు. చెయ్యి నేరుగా మిక్సర్ మీదికి పోయి ఆ మైకు గుండీని కిందికి లాగుతుంది. ఆ తర్వాతే మైకు పట్టుకున్నవాణ్ణి భుజం పట్టి బాక్సు వెనక్కి నడిపిస్తాడు.

చిన్న కంపెనీ షేరు ఇట్లాగే కూత పెడుతుంది. ప్రమోటర్ల చేతిలో 75 శాతం దాకా వాటా ఉండొచ్చు. మిగిలినదాంట్లో కొంత ఏళ్ల తరబడి కదలని వాళ్ల దగ్గర ఉంటుంది. రోజూ చేతులు మారేది చాలా కొద్ది. అంత పలుచని చోట కొందరు కలిసి కొంటే చాలు, ఆ రోజుకు అనుమతించిన 5 శాతమో 10 శాతమో పెరిగి అప్పర్ సర్క్యూట్ దగ్గర ఆగిపోతుంది. ఆగిందన్నదే మరునాటి వార్త. ఆ వార్త విని ఇంకొందరు వరసలో నిలబడతారు. రోజుకు 5 శాతం చొప్పున వరసగా 15 రోజులు పెరిగితే 100 రూపాయల షేరు 207 దాటుతుంది. ఆ 15 రోజుల్లో కంపెనీ ఒక్క కొత్త స్పీకరు అమ్మి ఉండక్కర్లేదు. దిగేటప్పుడు ఇదే లెక్క తలకిందులు. 14 రోజుల లోయర్ సర్క్యూట్లతో 100 రూపాయలు 49కి వస్తాయి. పైగా ఆ 14 రోజులూ అమ్మకానికి పెట్టినవాడికి కొనేవాడు దొరకడు. పెరిగే రోజుల్లో కొనడం కష్టం, పడే రోజుల్లో అమ్మడం కష్టం. చివరగా వచ్చినవాడికి కొనడం సులువైన రోజు ఒకటే దొరుకుతుంది, ముందున్నవాళ్లు వదిలించుకునే రోజు.

ఎక్స్‌చేంజీల దగ్గరా గుండీలున్నాయి. అనుమానం వచ్చిన షేరును ఏఎస్‌ఎం, జీఎస్‌ఎం అనే నిఘా జాబితాల్లో చేరుస్తారు. కొన్న రోజే అమ్మే వీలు తీసేస్తారు, సర్క్యూట్ హద్దు తగ్గిస్తారు. ఇవి మంచి చర్యలే. కానీ చాలాసార్లు కూత మొదలయ్యాక వస్తాయి. సాధనా బ్రాడ్‌కాస్ట్ అనే చిన్న టీవీ కంపెనీ విషయంలో 2022లో యూట్యూబ్ వీడియోలు వచ్చాయి, ఆ కంపెనీని అదానీ గ్రూపు కొనబోతోందని. అది అబద్ధం. వీడియోలు చూసి చిన్న మదుపరులు ఎగబడ్డారు, ఆ ఎగబాటులో లోపలివాళ్లు అమ్ముకున్నారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2023 మార్చిలో ప్రాథమికంగా తేల్చి ఆంక్షలు పెట్టింది. అప్పటికి కొన్నవాళ్లు కొనేశారు.

వస్తువు నిజంగా గొప్పదైనా కూత తప్పదనడానికి సింగపూర్ కథ ఒకటి చెప్పాలి. 1990ల్లో కంప్యూటర్ కొన్నవాళ్లందరికీ సౌండ్ బ్లాస్టర్ కార్డు గుర్తుంటుంది. దాన్ని చేసిన క్రియేటివ్ టెక్నాలజీ కాలం గడిచేకొద్దీ చిన్నబోయింది. 2018లో ఆ కంపెనీ స్థాపకుడు సిమ్ వాంగ్ హూ సూపర్ ఎక్స్-ఫై అనే టెక్నాలజీ చూపించాడు. మనిషి ముఖాన్నీ చెవులనూ ఫోటో తీసి, ఆ చెవి ఆకారానికి తగ్గట్టు హెడ్‌ఫోన్ శబ్దాన్ని మలిచి, గదిలో నాలుగువైపులా బాక్సులు మోగుతున్నట్టు వినిపించేది. విన్నవాళ్లు ఆశ్చర్యపోయారు, అవార్డులూ వచ్చాయి. 2 సింగపూర్ డాలర్ల లోపు ఉన్న షేరు కొద్ది వారాల్లో ఎన్నో రెట్లయింది. అప్పుడు షేరు కొన్నవాళ్లలో ఎందరు ఆ హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నారు? వినడానికి ఇంకా బజారులోకి రాలేదు కూడా. తర్వాతి ఏళ్లలో ఆ షేరు మళ్లీ 2 డాలర్ల కిందికే జారింది. సిమ్ 2023 జనవరిలో కన్నుమూశాడు. ఆయన పని మీద నాకు గౌరవం తగ్గలేదు. కొద్ది వారాల్లో షేరు అన్ని రెట్లు కావడానికి ఆ పని ఎన్నడూ పూచీ పడలేదు.

కానీ నా మనసును ఎక్కువ కలతపెట్టేది బెల్జియం కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమై మళ్లీ కట్టుకున్న ఈప్ర్ అనే చిన్న పట్టణంలో 1987లో ఇద్దరు మనుషులు మాటను కంప్యూటర్‌కు నేర్పే కంపెనీ పెట్టారు. లెర్నౌట్ అండ్ హౌస్పీ దాని పేరు. నోటితో చెబితే కంప్యూటర్ రాస్తుంది, రాసింది చదివి వినిపిస్తుంది. 1995లో అమెరికా నాస్‌డాక్‌లో లిస్టయింది. 1997లో మైక్రోసాఫ్ట్ పెట్టుబడి పెట్టింది. ఆ చుట్టుపక్కల రైతులు, దుకాణదారులు, పింఛనుదార్లు తమ ఊరి కంపెనీ అని మురిసిపోతూ షేర్లు కొన్నారు. చివ్వెంల లాంటి ఊళ్లే అవీ. 2000 మార్చి నాటికి దాని మార్కెట్ విలువ దాదాపు 1,000 కోట్ల డాలర్లు. పెరిగిన ఆ షేర్లనే డబ్బుగా వాడి, మాటను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌లో అగ్రగామి అయిన అమెరికా కంపెనీ డ్రాగన్ సిస్టమ్స్‌ను కొనేసింది.

అప్పటికి దాని అమ్మకాల్లో పెద్ద వాటా దక్షిణ కొరియా నుంచి వస్తున్నట్టు లెక్కలు చూపేవి. 2000 ఆగస్టులో వాల్‌స్ట్రీట్ జర్నల్ విలేఖరులు ఒక సాదాసీదా పని చేశారు. కంపెనీ చెప్పిన కొరియా కస్టమర్ల పేర్లు తీసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. కొందరు, అసలు మేం వాళ్ల దగ్గర ఏమీ కొనలేదన్నారు. కొందరు, కొన్నాం గానీ అంత కాదన్నారు. అంతే. నవంబరుకల్లా కంపెనీ కోర్టు రక్షణ కోరింది, మరుసటి ఏడాది దివాలా తీసింది. స్థాపకులకు 2010లో శిక్షలు పడ్డాయి. ఎన్నో బ్యాంకులు, ఎందరో విశ్లేషకులు ఏళ్ల తరబడి ఆ కంపెనీని మెచ్చుకున్నారు. కొరియాకు ఫోన్ చేయాలన్న ఆలోచన మాత్రం ఇద్దరు ముగ్గురు విలేఖరులకే వచ్చింది. శబ్దం పుట్టే చోటికి వెళ్లి విన్నవాళ్లు వాళ్లే.

ఇక్కడ ఒక విషయం వదిలేస్తే కథ సగమే అవుతుంది. టెక్నాలజీ చావలేదు. దాన్ని స్కాన్‌సాఫ్ట్ అనే కంపెనీ కొన్నది, ఆ కంపెనీ తర్వాత న్యుయాన్స్‌గా పేరు మార్చుకుంది. ఐఫోన్‌లో సిరి మొదట్లో మన మాట విన్నది న్యుయాన్స్ సాయంతోనే. 2022లో మైక్రోసాఫ్ట్ ఆ న్యుయాన్స్‌ను సొంతం చేసుకుంది. డ్రాగన్‌ను ఏళ్ల తరబడి కష్టపడి పెంచిన జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ దంపతులకు దక్కిన షేర్లు మాత్రం చిత్తుకాగితాలయ్యాయి. ఈప్ర్ రైతుల డబ్బూ తిరిగి రాలేదు. కంప్యూటర్‌కు మాట వినడం వస్తుందన్న వాళ్ల నమ్మకం తప్పు కాలేదు. ఆ నమ్మకానికి వాళ్లు కట్టిన ధర, కట్టించుకున్న మనుషులు, అక్కడ ఉంది తప్పు.

మన దగ్గరికి వస్తే, హైదరాబాద్‌లోని బ్రైట్‌కామ్ గ్రూప్ సౌండు కంపెనీ కాదు, ఇంటర్నెట్ ప్రకటనల కంపెనీ. అయినా దాని షేరు పెట్టిన కూత ఇట్లాంటిదే. 2010లో ఇది, అప్పటి పేరు వైబ్రాంట్ డిజిటల్, అమెరికా సెర్చ్ సైటు లైకోస్‌ను కొన్నప్పుడు తెలుగువాళ్లు గర్వపడ్డారు. 2021 మొదట్లో 10 రూపాయల లోపు ఉన్న దాని షేరు డిసెంబరుకు 200 రూపాయలు తాకింది. మీడియామింట్‌ను 566 కోట్లకు కొంటామన్న ప్రకటన వచ్చింది. ఆ బేరం చివరికి కుదరలేదు. 2023 ఏప్రిల్‌లో సెబీ మధ్యంతర ఆదేశం ఖాతాల్లో తప్పులున్నాయన్నది. ఆగస్టులో మరో ఆదేశం, షేర్లు కేటాయించిన సొమ్ములో కొంత కంపెనీకి చేరనేలేదని, చేరినట్టు చూపిన బ్యాంకు స్టేట్‌మెంట్లు నమ్మదగినవి కావని చెప్పింది. ఫలితాలు గడువులో ఇవ్వనందుకు 2024 జూన్ 14 నుంచి ఎక్స్‌చేంజీలు ట్రేడింగ్ నిలిపేశాయి. లక్షలమంది చిన్న వాటాదార్ల ఫోన్లలో ఆ షేరు ఒక అంకెగా నిలిచిపోయింది. అప్పుడు అమ్ముదామంటే ఆ గుండీ పనిచేయలేదు. 2009 జనవరి 7న సత్యం షేరు ఒక్కరోజులో 179 నుంచి 40కి పడ్డప్పుడు కనీసం అమ్ముకుని బయటపడే దారైనా ఉంది.

ఈ నష్టాల గురించి మాట్లాడేటప్పుడు 'అత్యాశ' అనే మాట సులువుగా వస్తుంది. నాకది అన్యాయంగా తోస్తుంది. మా తమ్ముడి లెక్క వినండి. డీజే మీద ఆంక్షలు, పెళ్లిళ్ల ముహూర్తాలు ఏడాదిలో కొన్ని నెలలే, బాక్సులకు తెచ్చిన అప్పు మీద నెలకు నూటికి రెండు రూపాయల మిత్తి. అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో దాచుకుంటే దొరికేది 7. ఈ రెండింటి మధ్య పడి నలిగే మనిషికి ఏడాదికి 12 శాతం ఇచ్చే మంచి మ్యూచువల్ ఫండ్ గురించి చెబితే వినడు, అది అతని మిత్తికి సగం. అతనికి రెట్టింపు కావాలి, ఆరు నెలల్లో. అవసరం అట్లా నెట్టుతోంది.

పైగా దారి మునుపటంత దూరం లేదు. 1943లో పుట్టిన హైదరాబాద్ స్టాక్ ఎక్స్‌చేంజి ఉన్న రోజుల్లో షేరు కొనాలంటే పట్నంలో బ్రోకరు ఉండాలి, కాగితాల మీద సంతకాలుండాలి. 2007లో ఆ ఎక్స్‌చేంజి గుర్తింపు పోయింది. ఇప్పుడు ఐకేపీ సెంటర్లో పోసిన వడ్ల పైసలు ఖాతాలో పడ్డట్టు ఫోన్‌కు మెసేజి వస్తుంది, అదే ఫోన్‌లో షేర్ల యాప్ ఉంటుంది. 2020 మార్చిలో దేశంలో డీమ్యాట్ ఖాతాలు దాదాపు 4 కోట్లు. 2022 ఆగస్టుకు 10 కోట్లు దాటాయి, 2024 మార్చికి 15 కోట్లు. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ఆడిన వ్యక్తుల్లో మూడేళ్లలో నూటికి 93 మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని 2024 సెప్టెంబరులో సెబీయే చెప్పింది. ఆ 1.8 లక్షల కోట్లలో మన వడ్ల పైసలు ఎన్ని కలిసిపోయాయో ఎవరూ లెక్క తీయలేదు.

అయితే నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇంకొకటుంది. పుకారు తెలుగులో వస్తుంది. మంచి తెలుగులో, మన ఊరి మాటలో, 'అన్నా, తమ్మీ' అని పిలుస్తూ వస్తుంది. కంపెనీ వార్షిక నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది. ఎక్స్‌చేంజికి ఇచ్చే ప్రకటన ఇంగ్లీషు, ఆడిటర్ చెప్పిన అభ్యంతరం ఇంగ్లీషు, బ్రైట్‌కామ్ మీద సెబీ ఇచ్చిన పదుల పేజీల ఆదేశం ఇంగ్లీషు. కొనమని చెప్పే గొంతు ఇంటి గడప దాకా వచ్చినప్పుడు, ఆగమని చెప్పే గొంతు కూడా అంత దూరం రావాలి కదా. హైదరాబాద్ కంపెనీ షేరు చివ్వెంలలో అమ్ముడుపోవచ్చునట గానీ, దాని మీద వచ్చిన ఆదేశం చివ్వెంల భాషలో ఉండక్కర్లేదట. ఈ ఏర్పాటును నేను ఒప్పుకోలేను. సెబీ ఆదేశాల్లో ఒక్కొక్కదానికి రెండు పేజీల తెలుగు సారాంశం రాయించడం ఆ సంస్థకు ఏమంత బరువు?

చట్టం మనల్ని పూర్తిగా మరిచిపోలేదు. లిస్టయిన కంపెనీ తన ఫలితాలను ఇంగ్లీషు పత్రికతోపాటు, రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్నచోటి భాషా పత్రికలోనూ ప్రచురించాలన్న నిబంధన తెచ్చింది. అందుకే హైదరాబాద్ కంపెనీల పట్టికలు తెలుగు దినపత్రికల లోపలి పేజీల్లో, చీమతలకాయంత అక్షరాల్లో కనిపిస్తూ వచ్చాయి. వాటిని చదివే మనుషులను నేను చాలా అరుదుగా చూశాను. అట్లాంటి పట్టిక ఒకటి కత్తిరించి తమ్ముడి ముందు పెట్టాను, అతను అడిగిన కంపెనీది కాదు, వేరేది. మొత్తం ఆదాయం, ఖర్చులు, పన్ను, లాభం. కాసేపు చూసి, "లాభం అంటున్నరు గద, పైసలు వచ్చినయా? లెక్కల రాసిన్రా?" అన్నాడు.

అంత మంచి ప్రశ్న నేను టీవీ చర్చల్లో వినలేదు. అమ్మింది అమ్మినట్టే ఆదాయంగా రాసుకోవచ్చునని, డబ్బు తర్వాత వచ్చినా రాకపోయినా అది వేరే చోట బాకీగా కనిపిస్తుందని చెప్పాను. వెంటనే పట్టుకున్నాడు. పెళ్లిళ్లకు సెట్టు పంపించి డబ్బు కోసం తిరిగే మనిషికి బాకీ సంగతి ఒకరు నేర్పాలా? "నెల బాకీ అయితే వస్తది. ఏడాది దాటిందంటే సగం పోయినట్టే. మూడేండ్లదైతే నోటుబుక్కుల రాసుకునుడే గానీ ఆశ ఉండదు. మరి వీళ్లవి ఎన్నేండ్ల బాకీలు?" అని అడిగాడు.

అది కూడా రాయాలి వాళ్లు. 2021లో మారిన నిబంధనల ప్రకారం వార్షిక నివేదికలో రావలసిన బాకీలను వయసువారీగా విడగొట్టి చూపాలి: ఆరు నెలల లోపువి, ఏడాది లోపువి, రెండేళ్లవి, మూడేళ్లవి, మూడేళ్లు దాటినవి. సరిగ్గా అతను అడిగినట్టే. ఆ పట్టిక నివేదిక చివర నోట్సులో, వంద పేజీలు దాటాక, ఇంగ్లీషులో ఉంటుంది. అతని చిన్న బిడ్డ సూర్యాపేటలో ఇంటర్ చదువుతోంది, సీఈసీ గ్రూపు. ఆమెను పిలిచాడు. తను అడిగిన సౌండు కంపెనీ నివేదికను ఫోన్‌లో దింపించాడు. "అమ్మా, బాకీలు ఏడున్నయో సూడు. మూడేండ్లయి ముందుగాల సదువు" అన్నాడు.